యంత్రం పెట్టిన హద్దు, మనిషి గీసిన గీత

పాత వీడియో గేమ్‌ను కొత్త కన్సోల్ మీదికి తేవడం వెనుక ఏం జరుగుతుంది?

2018 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 4 కోసం వచ్చిన ‘మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్’ గేమ్‌లో కొన్ని వస్తువుల డేటా హార్డ్ డిస్కు మీద 400 చోట్ల రాసి ఉండేది. అదే వస్తువు, అదే ఆకారం, అదే రంగు. ఇది పొరపాటు కాదు, బాగా ఆలోచించి చేసిన పని. ప్లేస్టేషన్ 5 రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలో కొత్త యంత్రం గురించి ప్రసంగిస్తూ ఈ సంగతి చెప్పారు. అది విన్నప్పుడు, మా రంగంలో కనపడకుండా ఎంత శ్రమ దాగి ఉంటుందో నాకు మరోసారి అర్థమైంది.

నేను హైదరాబాద్‌లో గేమ్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఏం ఉద్యోగమని బంధువులు అడిగితే, ఆటలు విడుదలయ్యేలోపు వాటిలో తప్పులు పట్టే పని అని చెబుతాను. పాత ఆటలకు కొత్త రూపమిచ్చే పనుల్లో కూడా నా చెయ్యి ఉంది. అందుకే అప్‌గ్రేడ్, రీమాస్టర్, రీమేక్ అనే మాటలు ప్రకటనల్లో కనిపించినప్పుడల్లా, వాటి వెనుక నిజంగా ఏం మారుతుందో మామూలు పాఠకులకు చెప్పాలనిపిస్తుంది. కొత్త టీవీ మీద బొమ్మ ఇంకాస్త తళతళలాడటమే అప్‌గ్రేడ్ అని చాలామంది అనుకుంటారు. అసలు పని అంతకంటే లోతైనది.

400 కాపీలు ఎందుకు?

హార్డ్ డిస్కులో ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాని మీద చదివే ముల్లు ఒకటి అటూ ఇటూ కదులుతూ డేటాను అందుకుంటుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది. సెకనులో చిన్న భాగమే అయినా ఆటకు అది పెద్ద ఖర్చు.

స్పైడర్‌మ్యాన్ ఏమో న్యూయార్క్‌లోని మ్యాన్‌హటన్‌లో భవనం నుంచి భవనానికి ఊగుతూ దూసుకుపోతుంటాడు. మొత్తం నగరం ఒకేసారి మెమరీలో పట్టదు. అతను చేరేలోపు ముందున్న వీధిని డిస్కు నుంచి చదివి సిద్ధం చేయాలి. వీధిలో ఒక పోస్టు డబ్బా ఉందనుకుందాం. దాని డేటా డిస్కులో ఒకే మూల ఉంటే, ప్రతి వీధికీ ముల్లు ఆ మూల దాకా వెళ్లి రావాలి. ఈలోగా హీరో వీధిలోకి వచ్చేస్తాడు, అక్కడ ఖాళీ నేల కనిపిస్తుంది. అందుకే ఏ వీధికి కావలసిన సరంజామా ఆ వీధి డేటా పక్కనే మళ్లీ మళ్లీ రాశారు. చోటు వృథా అయినా సమయం కలిసొచ్చింది.

ప్లేస్టేషన్ 4లోని హార్డ్ డిస్కు సెకనుకు దాదాపు 50 నుంచి 100 మెగాబైట్లు చదివేది. ప్లేస్టేషన్ 5లో తిరిగే పళ్లెం లేదు. మొదట వచ్చిన రకంలో 825 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ ఉండేది, అది సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది. కదలాల్సిన ముల్లే లేదు కాబట్టి అన్ని కాపీలు ఉంచుకోవలసిన అవసరమూ పోయింది. కొత్త కన్సోల్ ఇంకా తయారీలో ఉండగానే, 2019లో సెర్నీ ‘వైర్డ్’ పత్రికకు ఇదే స్పైడర్‌మ్యాన్ గేమ్‌ను రెండు యంత్రాల మీద ఆడించి చూపించారు. నగరంలో ఒకచోటి నుంచి మరోచోటికి నేరుగా వెళ్లే సదుపాయాన్ని వాడితే ప్లేస్టేషన్ 4 ప్రోలో 15 సెకన్లు పట్టింది. కొత్త నమూనా యంత్రంలో 0.8 సెకను సరిపోయింది.

హీరో ఎంత వేగంగా ఊగాలో నిర్ణయించింది కథ ఒక్కటే కాదు, డిస్కు కూడా. సృష్టికర్తల చెయ్యి పట్టుకుని ఆపిన హద్దు అది. కొత్త యంత్రం వచ్చినప్పుడు అలాంటి హద్దులను తీసేయడమే అప్‌గ్రేడ్ అసలు ధర్మమని నా నమ్మకం. అయితే ప్రతి ఆటలోనూ ఇంకో రకం గీతలు కూడా ఉంటాయి. యంత్రం అడ్డుపడటం వల్ల కాదు, ఇలాగే ఉండాలని మనిషి కోరుకుని గీసినవి. వాటిని మాత్రం ముట్టుకోకూడదు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే ఈ పనిలోని కష్టమంతా.

సెకనుకు 60 బొమ్మలు

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయని అందరికీ తెలుసు. అవి ముందే తీసిపెట్టినవి. ఆటలో అలా కాదు. మనం బటన్ నొక్కిన క్షణాన్ని బట్టి ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీయాలి. సెకనుకు 30 బొమ్మలంటే ఒక్కోదానికి దొరికే సమయం దాదాపు 33 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7 మిల్లీసెకన్లే. ఆ కాస్త వ్యవధిలో మన బటన్ చదవాలి, శత్రువు ఎటు కదలాలో తేల్చాలి, పడే రాయి ఎటు దొర్లాలో లెక్కకట్టాలి, వెలుగునీడలు వేసి తెర మీదికి పంపాలి.

కొత్త కన్సోల్‌కు శక్తి ఎక్కువ కదా, 30ని 60 చేసేస్తే సరిపోదా అని అడుగుతారు. పాత ఆటలు కొన్ని బొమ్మల సంఖ్యనే గడియారంగా వాడుకునేవి. అంటే సెకను గడిచిందని కాకుండా, 30 బొమ్మలు గడిచాయని లెక్క. అలాంటి ఆటలో సంఖ్య పెంచితే లోపలి కాలమే మారిపోతుంది. 2014లో వచ్చిన ‘డార్క్ సోల్స్ 2’ అనే కత్తియుద్ధాల గేమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పాత కన్సోళ్ల మీద 30 బొమ్మలతో నడిచినప్పుడు ఆయుధాలు ఒక తీరున అరిగేవి. కంప్యూటర్ మీద, తర్వాత కొత్త కన్సోళ్ల మీద 60తో ఆడిన వాళ్లకు అవే కత్తులు రెట్టింపు వేగంతో పాడయ్యాయి. చివరికి ప్యాచ్ (చిన్న సవరణ అప్‌డేట్) విడుదల చేసి సరిదిద్దారు.

మా దగ్గరికి అప్‌గ్రేడ్ పని వచ్చినప్పుడు మేం మొదట వెతికేవి ఇలాంటివే. రెండు తెరలు పక్కపక్కన పెడతాం. ఒకదానిలో పాత యంత్రం మీది ఆట, ఇంకోదానిలో కొత్తగా తయారవుతున్న రూపం. ఒకే గోడ మీద నుంచి రెండు చోట్లా హీరోను దూకిస్తాం. ఒకే దూరంలో పడ్డాడా? తలుపు తెరుచుకోవడానికి అంతే సమయం పట్టిందా? మాట పూర్తయ్యే దాకా సబ్‌టైటిల్ తెర మీద నిలిచిందా? గాలికి ఊగే దుస్తులు పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయా? ఏ తేడా కనిపించినా వీడియో జతచేసి బగ్ రాస్తాం. ఆడేవాళ్ల వేళ్లకు పాత లెక్క అలవాటై ఉంటుంది. ఏ అంచు నుంచి ఎప్పుడు దూకాలో వాళ్ల చేతులకే తెలుసు. చూడటానికి అందంగా ఉండి, చేతికి పరాయిగా తోచిందంటే ఆ అప్‌గ్రేడ్ విఫలమైనట్టే.

అద్దంలో నిజం, పెదవుల మీద మాట

2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటే ‘స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్’ వచ్చింది. అమెరికాలోని ఇన్‌సోమ్నియాక్ గేమ్స్ తన సొంత గేమ్‌నే కొత్త యంత్రానికి తగ్గట్టు తీర్చిదిద్దింది. అందులో నాకు బాగా నచ్చింది భవనాల గాజు గోడలు. పాత గేమ్‌లో అద్దాల మీద కనిపించే ప్రతిబింబాలు చాలావరకు ముందే తయారుచేసి అతికించినవి. ఎదుట ఏముందన్న దానితో వాటికి పెద్దగా సంబంధం ఉండదు. కొత్త దానిలో రే ట్రేసింగ్ అనే పద్ధతి వాడారు. వెలుగు కిరణం ఎటు తగిలి ఎటు మళ్లుతుందో లెక్కించి బొమ్మ గీస్తారు. దాంతో గాజు గోడ పక్కన పాకుతుంటే ఎదురు భవనం, కింద వీధి, మన హీరో అన్నీ ఆ అద్దంలో కనిపిస్తాయి. దీనికి చాలా లెక్కలు కావాలి. కాబట్టి అద్దంలోని నగరాన్ని అసలు నగరం కంటే కాస్త సరళంగా గీస్తారు. మొదట ఈ ప్రతిబింబాలు కావాలంటే 30 బొమ్మలతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. విడుదలైన తర్వాతి నెలలో, తెర స్పష్టత కొంత తగ్గించి, ప్రతిబింబాలతో పాటే 60 బొమ్మలు ఇచ్చే మూడో పద్ధతిని చేర్చారు.

‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ది ఇంకో కథ. 13వ శతాబ్దంలో జపాన్‌లోని సుషిమా ద్వీపం మీద మంగోలులు చేసిన దండయాత్ర చుట్టూ అల్లిన గేమ్ అది. 2020 జులైలో ప్లేస్టేషన్ 4 మీద వచ్చింది. కథ జపాన్‌ది, జపనీస్ మాటలు వినే సదుపాయమూ ఉంది. కానీ పాత్రల పెదవులు మాత్రం ఇంగ్లిషుకే కదిలేవి. మాట ఒకటి, మూతి కదలిక ఒకటి అయితే ఎలా ఉంటుందో డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. ప్లేస్టేషన్ 4లో ఆ కథా సన్నివేశాలు ముందే తీసిపెట్టిన వీడియోలు కాబట్టి ఒక భాషకే కుదిరాయి. 2021 ఆగస్టులో ప్లేస్టేషన్ 5 మీదికి తెచ్చినప్పుడు అవే సన్నివేశాలను అప్పటికప్పుడు గీసేలా మార్చారు. జపనీస్ ఎంచుకుంటే పెదవులు జపనీస్‌కే కదులుతాయి. సృష్టికర్తలకు మనసులో ఉండి, యంత్రం చేయనివ్వని పని అది. నా దృష్టిలో ఆదర్శమైన అప్‌గ్రేడ్ అంటే ఇదే.

ఖాళీని ఖాళీగానే వదిలిన వాళ్లు

గీతను గౌరవించిన వాళ్ల గురించి చెప్పాలంటే ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ను తలుచుకోకుండా ఉండలేను. 2005లో ప్లేస్టేషన్ 2 కోసం జపాన్‌కు చెందిన ఫుమితో ఉయెదా దర్శకత్వంలో వచ్చింది. ఒక యువకుడు, ఒక గుర్రం, విశాలమైన నిర్జన భూమి, అక్కడ తిరిగే 16 మహాకాయాలు. ఊళ్లుండవు, చిల్లర శత్రువులుండరు. ప్లేస్టేషన్ 2లోని ప్రధాన మెమరీ 32 మెగాబైట్లే. కొండంత ఆకారం తెర నిండా కదిలినప్పుడు బొమ్మల సంఖ్య సెకనుకు 20 లోపు పడిపోయి ఆట నత్తనడక నడిచేది.

టెక్సస్‌లోని ఆస్టిన్‌కు చెందిన బ్లూపాయింట్ గేమ్స్ ఈ గేమ్‌ను రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. 2011లో ప్లేస్టేషన్ 3 కోసం చేసినప్పుడు బొమ్మను స్పష్టం చేసి, నడకను నిలకడ చేసింది. దీన్ని రీమాస్టర్ అంటారు. 2018లో ప్లేస్టేషన్ 4 కోసం రాయి, గడ్డి, మహాకాయాల ఒంటి మీది వెంట్రుకలు, అన్నిటినీ కొత్తగా తయారుచేసింది. ఇది రీమేక్. ప్లేస్టేషన్ 4 ప్రో మీద 60 బొమ్మలతో ఆడే వీలు కూడా కల్పించింది. ఇంత చేసినా ఆట లోపలి నడత మాత్రం పాతదే. మహాకాయం విదిలిస్తే యువకుడు తూలి పడిపోవడం అలాగే ఉంది. గుర్రం ఒక్కోసారి తన ఇష్టం వచ్చినట్టు పోవడమూ అలాగే ఉంది. బటన్ల అమరికను నేటి అలవాటుకు తగ్గట్టు మార్చినా, పాత అమరిక కావాలనుకునే వాళ్లకు మెనూలో దాన్ని ఉంచారు.

అన్నిటికంటే ముఖ్యంగా ఆ నిర్జన భూమిని నింపలేదు. 2018 నాటి యంత్రానికి అందులో ఊళ్లు కట్టడం, శత్రువుల్ని నింపడం చిటికెలో పని. కానీ ఆ ఖాళీ యంత్రం చేతకానితనం కాదు. ఒంటరితనం అనుభవంలోకి రావాలని ఉయెదా కావాలని వదిలిన ఖాళీ. దాన్ని గుర్తుపట్టి వదిలేయడానికి పనితనంతో పాటు వినయం కూడా కావాలి.

నట్టు గుండ్రంగా మారిన రోజు

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన కుర్రకారుకు బాగా తెలిసిన ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ది. ఆ వరసలోని ‘జీటీఏ 3’, ‘వైస్ సిటీ’, ‘శాన్ ఆండ్రియాస్’ మూడింటినీ కలిపి 2021 నవంబరులో కొత్త కన్సోళ్ల కోసం విడుదల చేశారు. పాత బొమ్మల్ని స్పష్టం చేయడానికి యంత్రం సాయం విరివిగా వాడారు. వాటిలో ఒక గేమ్‌లో ‘టఫ్ నట్ డోనట్స్’ అని ఒక దుకాణం ఉంటుంది. పేరుకు తగ్గట్టు డోనట్‌కు బదులు బోల్టుకు బిగించే నట్టు బొమ్మ పెట్టారు. ఆరు పలకల నట్టు. సరదా అంతా ఆ పలకల్లోనే ఉంది. కొత్త రూపంలో ఆ పలకలన్నీ నునుపై, నట్టు గుండ్రంగా తయారైంది. పాత యంత్రం గుండ్రంగా గీయలేక పలకలు వచ్చాయని అనుకున్నట్టుంది ఆ పని. మనిషి గీసిన గీతను యంత్రం పెట్టిన హద్దుగా పొరబడితే ఏమవుతుందో చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలకు నేను చూపించే బొమ్మ ఇదే.

ఆ మూడింటిలోనే పొగమంచు సంగతి ఇంకా సూక్ష్మమైనది. ‘శాన్ ఆండ్రియాస్’లో దూరంగా ఉన్నదాన్ని గీసే శక్తి పాత యంత్రానికి లేదు. పొగమంచుతో కప్పేశారు. అది కచ్చితంగా హద్దే. కానీ దాన్ని ఆసరా చేసుకునే ఆ ప్రపంచాన్ని మలిచారు. మంచు తీసేసరికి కొండెక్కి చూస్తే అన్ని నగరాలూ పక్కపక్కనే కనిపించాయి. మహా విశాలంగా తోచిన రాష్ట్రం ఇరుకైపోయింది. కొన్నేళ్లు ఆడుతూ పోగా హద్దే గీతగా మారిపోయిన సందర్భం ఇది. 2024లో వచ్చిన అప్‌డేట్‌తో పాత వెలుగును, మంచును తిరిగి తెచ్చుకునే వీలు కల్పించారు. 2021 విడుదల సమయంలో పాత రూపాలను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయడం ఇంకా బాధ కలిగించింది. ఆటగాళ్లు నిరసన తెలిపాక ఆ గేమ్‌ల సంస్థ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, కంప్యూటర్ మీద ఆడే పాత రూపాలను మళ్లీ అమ్మకానికి పెట్టింది.

మారిన ముఖం

స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్‌లో కూడా ఒక పెద్ద మార్పు జరిగింది. హీరో పీటర్ పార్కర్ ముఖమే మార్చారు. గొంతు, నటన యూరీ లోవెంతాల్‌వి. ఆయన ముఖ కవళికలకు బాగా కుదిరే ముఖం కావాలని కొత్త మోడల్‌ను తీసుకున్నామని ఇన్‌సోమ్నియాక్ వివరించింది. మా అన్నయ్య కొడుకు పాత గేమ్ పూర్తిగా ఆడినవాడు. సెలవుల్లో మా ఇంటికొచ్చి కొత్తది పెట్టగానే నా వైపు తిరిగాడు.

“అత్తా, ఈయన పీటర్ కాదు. వేరే ఎవరో.”

“పీటరేరా. మోడల్‌ను మార్చారంతే. గొంతు అదే, విను.”

“గొంతు అదే. కానీ చివర్లో ఏడ్చింది ఈయన కాదుగా?”

కథలో పీటర్ తన మే అత్తను పోగొట్టుకునే ఘట్టం గురించి వాడు అడుగుతున్నాడు. సాంకేతికంగా సంస్థ చెప్పిన కారణంలో న్యాయముంది. కొత్త ముఖంలో కవళికలు సూక్ష్మంగా పలికాయి కూడా. అయినా పిల్లవాడి ప్రశ్నే బలమైనదని నాకనిపించింది. ఆ ఏడుపుతో వాడికి ముడిపడిన ముఖం ఒకటి ఉంది. యంత్రం పెట్టిన ఏ హద్దూ దాన్ని మార్చమని అడగలేదు.

జేబు లెక్క

మన దేశంలో ప్లేస్టేషన్ 5 అమ్మకాలు 2021 ఫిబ్రవరి 2న మొదలయ్యాయి. అప్పట్లో డిస్కు పెట్టే రకం 49,990 రూపాయలు, డిస్కు లేని రకం 39,990 ఉండేది. ఒక మధ్యతరగతి ఇంట్లో ఇది ఆలోచించి పెట్టే ఖర్చు. ఆ పైన ఇప్పటికే కొన్న గేమ్‌కు మళ్లీ డబ్బు కట్టాలా అన్న ప్రశ్న సహజం.

కంపెనీలు దీనికి రకరకాల జవాబులిచ్చాయి. ‘సుషిమా’ అదనపు కథతో సహా ప్లేస్టేషన్ 4 మీద కొన్నవాళ్లు 10 డాలర్లు కడితే ప్లేస్టేషన్ 5 రూపం వచ్చేది. ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ అనే గేమ్‌కు మొదట మామూలు ప్రతి కొన్నవాళ్లకు అప్‌గ్రేడ్ లేదన్నారు. ఆటగాళ్లు గట్టిగా అడగడంతో 2021 సెప్టెంబరులో ప్లేస్టేషన్ సంస్థ సోనీ దాన్ని ఉచితం చేసి, ఆ తర్వాతి తన గేమ్‌లకు 10 డాలర్లని ప్రకటించింది. స్పైడర్‌మ్యాన్‌లోనూ పాత యంత్రం మీద ఆడిన ప్రగతిని కొత్తదానిలోకి తెచ్చుకోలేమని మొదట చెప్పి, తర్వాత ఆ దారి తెరిచారు. అడిగితే మారుతుందనడానికి ఇవే సాక్ష్యాలు.

కాబట్టి కొనేముందు కొన్ని చూసుకోండి. మీ దగ్గరున్నది డిస్కు అయితే, డిస్కు పెట్టే వీలు లేని కన్సోల్ మీద ఆ గేమ్ అప్‌గ్రేడ్ మీకు దొరకదు. పాత సేవ్ ఫైలు వస్తుందో లేదో కనుక్కోండి. ఉచిత ప్యాచ్ సరిపోతుందా, విడిగా కొనాలా అన్నది తేల్చుకోండి. పాత డిస్కుల్ని మాత్రం తొందరపడి అమ్మేయకండి. ఉయెదానే తీసిన ‘ది లాస్ట్ గార్డియన్’ 2016 నాటి డిస్కును ఏ అప్‌డేట్ లేకుండా ప్లేస్టేషన్ 5లో పెడితే 60 బొమ్మలతో నడుస్తుంది. ఎందుకంటే మొదటి రూపంలో వేగానికి పగ్గం వేయలేదు. తర్వాతి ప్యాచ్‌తో దాన్ని 30కి కట్టేశారు. ఎవరూ అప్‌గ్రేడ్ చేయకుండానే ఆ పాత డిస్కు కొత్త యంత్రం మీద మెరుగుపడింది.

నా వృత్తిలో ఉన్నవాళ్లకూ, గేమ్‌లు అమ్మే సంస్థలకూ నేను కోరేది ఒక్కటే. కొత్తది ఎంత బాగా చేసినా పాతదాన్ని దుకాణం నుంచి తీసేయకండి. మేం ఎంత జాగ్రత్తగా పోల్చినా ఎక్కడో ఒకచోట గీతను హద్దనుకుని చెరిపేస్తాం. ఆ సంగతి తేలాలంటే ఆడేవాళ్ల చేతిలో రెండూ ఉండాలి. ఏ ముఖం నిజమైన పీటర్‌దో, ఏ నట్టు సరైనదో తేల్చే హక్కు ఆ ఆటను ప్రేమించిన వాళ్లది.